పీహెచ్‌డీ ప్రవేశాల్లో సిఫారసు లేఖల బరువెంత?

ప్రశ్న: నమస్కారం. వరంగల్‌లో ఎంటెక్ చివరి ఏడాది చదువుతున్నాను. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీకి డిసెంబరు గడువులోగా దరఖాస్తు చేయాలి. మూడు సిఫారసు లేఖల్లో ఒకటి ప్రాజెక్టు గైడ్ గారు ఇస్తారు. మిగిలినవాటికి హోదా చూసి విభాగాధిపతిని అడగాలా, నాతో పనిచేసిన యువ అధ్యాపకురాలిని అడగాలా? అక్కడి ప్రొఫెసర్లకు ముందే మెయిల్ రాయాలా?

మొదటి జవాబు: హోదా కన్నా మీ పని తెలిసి ఉండటమే ముఖ్యం. ‘క్రమశిక్షణ గల విద్యార్థి, తరగతిలో ప్రథముడు’ అన్న లేఖ మార్కుల జాబితా చెప్పినదే మళ్లీ చెబుతుంది; ప్రయోగం బెడిసికొట్టినప్పుడు లోపాన్ని మీరెలా పట్టుకున్నారో, అందులో ఏ ఆలోచన మీ సొంతమో రాయగలిగినవారి లేఖనే ప్రవేశాల కమిటీ శ్రద్ధగా చదువుతుంది. ‘నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను’ అనేవారు మన కాలేజీల్లో తక్కువేమీ కాదు; వారిని అడగకండి. మూడు లేఖల్లోనూ ఒకే శైలి కనిపిస్తే ఇట్టే పసిగడతారు.

రెండో జవాబు: మెయిల్ సంగతి దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో చాలా కంప్యూటర్ సైన్స్ విభాగాల్లో నిర్ణయం కమిటీది కనుక, జవాబు రాకపోయినా దరఖాస్తు మానుకోనక్కర్లేదు. జర్మనీలో నేరుగా ఒక ప్రొఫెసర్ దగ్గర చేరే సంప్రదాయ పద్ధతిలోనైతే పర్యవేక్షకులు ముందుగా ఒప్పుకోవాల్సిందే. ‘రెస్పెక్టెడ్ సర్’ అంటూ అందరికీ ఒకే మెయిల్ పంపడం శుద్ధ దండగ. వారి పరిశోధన పత్రం ఒకటి చదివి, మీ పనితో ముడిపడిన ప్రశ్నను నాలుగు వాక్యాల్లో అడగండి.

మూడో జవాబు: లేఖను చూసే హక్కు వదులుకుంటారా అని దరఖాస్తులో అడుగుతారు. విద్యార్థుల రికార్డులకు సంబంధించిన 1974 నాటి అమెరికా చట్టం ఫెర్పా ఇచ్చిన హక్కు అది. వదులుకోవడమే మేలు, లేకుంటే లేఖ మొహమాటానికి రాసిందనుకునే ప్రమాదముంది. లేఖ రాసేవారిని కనీసం నెల ముందే అడగండి. విశ్వవిద్యాలయం వారికి పంపే అప్‌లోడ్ లింకు స్పామ్‌లో పడిందేమో చూడమని గుర్తుచేయండి.