2014 నాటి ఐ3 డెస్క్‌టాప్: ఎస్ఎస్‌డీ ముందా, ర్యామ్ ముందా?

ప్రశ్న

ఇంట్లో ఉన్నది 2014లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. ఐ3-4130 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ (ఒకటే స్టిక్కు, రెండో స్లాటు ఖాళీ), 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికే నాలుగు నిమిషాలు. ఆ తర్వాత క్రోమ్ నొక్కితే ఇంకో నిమిషం. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతమే. వాడేది పాప క్లాసులకి, నాన్నగారి ట్యాలీ లెక్కలకి, యూట్యూబ్‌కి. గేమ్స్ లేవు. షాపులో బోర్డు, ప్రాసెసర్ మొత్తం మార్చేయమంటున్నారు. నేను అనుకున్నది ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు), ఇంకొంచెం ర్యామ్. ఆ రెండూ ఒకేసారి కొనలేను. ఏది ముందు?

జవాబు 1

ఎస్ఎస్‌డీ ముందు. డిస్క్ 100 శాతం అని మీరే రాశారు, జబ్బు అక్కడే ఉంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కులో కావలసిన చోటు, డేటా చదివే హెడ్ కిందికి తిరిగి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లు పైన పడుతుంది, హెడ్ జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న ఫైళ్లు చదవాలి కాబట్టి అవన్నీ వరసలో నిలబడతాయి. ప్రాసెసర్ ఖాళీగా ఎదురు చూస్తుంటుంది. దాన్ని మార్చి లాభం లేదు.

కొనేది 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (మీ హార్డ్ డిస్కులాగే కేబుల్‌తో కలిపేది) అయి ఉండాలి. ఎన్‌వీఎంఈ (చిన్న కార్డులా ఉండే కొత్త రకం) వద్దు. అడాప్టర్ కార్డు మీద పెట్టినా చాలా హెచ్81 బోర్డుల బయోస్ (ఆన్ చేయగానే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) దాన్నుంచి బూట్ చేయలేదు. మీ వాడకానికి 256 జీబీ సరిపోతుంది, పాత డిస్కు ఫొటోలకి ఉంచుకోవచ్చు. ఊరూపేరూ లేని బ్రాండులో 1 టీబీ మరీ చవగ్గా దొరికితే ముట్టుకోకండి.

హెచ్81లో నాలుగు సాటా పోర్టులుంటే రెండే ఎక్కువ వేగం (6 జీబీపీఎస్) ఉన్నవి. ఏవో మాన్యువల్‌లో చూసి ఎస్ఎస్‌డీని అందులో పెట్టండి. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) నుంచి సాటా పవర్ వైరు మిగలకపోతే మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల ప్లగ్) కన్వర్టర్ కొనాల్సి వస్తుంది. అచ్చుపోసినట్టు గట్టి ప్లాస్టిక్‌తో వచ్చే రకంలో లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సందర్భాలున్నాయి. ఒక్కో వైరు విడిగా దిగి కనిపించే కన్వర్టరే అడగండి.

ఏదైనా కొనేముందు డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి 05 (చెడిపోయి మార్చేసిన సెక్టార్లు, అంటే డిస్కులోని చిన్న గడులు), సీ5 (చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు) వరసల విలువలు ఇక్కడ పెట్టండి.

జవాబు 2

ర్యామ్ విషయంలో ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో 8 జీబీ డీడీఆర్3 స్టిక్కులు బాగా చవగ్గా కనిపిస్తాయి, కింద ఎక్కడో చిన్నగా "ఏఎండీకి మాత్రమే" అని ఉంటుంది. వాటిలో చిప్పుల అమరిక వేరు. మీ ఇంటెల్ బోర్డులో పెడితే డిస్‌ప్లేనే రాదు. మీకు పనికొచ్చే 8 జీబీ స్టిక్కుకి రెండు వైపులా ఎనిమిదేసి, మొత్తం 16 చిప్పులుండాలి. ఒకవైపే 8 చిప్పులున్న 8 జీబీ అయితే 4వ తరం ఇంటెల్ గుర్తించదు.

ఇంత తలనొప్పి ఎందుకనుకుంటే 1600 మెగాహెర్ట్జ్ 4 జీబీ స్టిక్కు ఇంకొకటి చాలు. 4+4తో డ్యుయల్ ఛానెల్ (రెండు స్టిక్కుల నుంచీ ఒకేసారి డేటా అందడం) వస్తుంది. మీకు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఇదే ర్యామ్ వాడుకుంటుంది కనుక వీడియోలకి కూడా మంచిది. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, పొరపాటున అది తెచ్చుకోకండి.

అడిగినవారు

చూశానండీ. 05 ఎదురుగా సున్నా. సీ5 ఎదురుగా సున్నాల చివర 18 ఉంది, పైన పసుపు రంగులో హెచ్చరిక. పాత డిస్కును ఉన్నదున్నట్టు ఎస్ఎస్‌డీలోకి క్లోన్ చేసేయనా?

జవాబు 1

వద్దండీ. ఆ 18 హెక్సాలో (పదహారు ఆధారంగా రాసే అంకెల్లో) ఉంది, మామూలు లెక్కలో 24. అంటే 24 సెక్టార్లు చదవడానికి మొరాయిస్తున్నాయి. క్లోనింగ్ సగంలో ఆగిపోవచ్చు, పైగా గంటల తరబడి నడిపితే డిస్కు ఇంకా దెబ్బతింటుంది. ముందు ఈ రోజే ఫొటోలు, ట్యాలీ డేటా ఫోల్డర్ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఫొటోలకి ఈ డిస్కునే ఉంచుకోవచ్చని పైన రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ట్యాలీ లైసెన్స్ ఉంటే పాత విండోస్‌లోనే సరెండర్ చేయాలి (లైసెన్స్‌ని ఆ ఇన్‌స్టాల్ నుంచి విడిపించాలి), కొత్తదాంట్లో మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి. చాలామంది మరిచేది ఇదే.

తర్వాత ఎస్ఎస్‌డీ మీద విండోస్ కొత్తగా ఎక్కించండి. ఆ సమయంలో పాత డిస్కు కేబుల్ పీకేసి ఉండాలి. లేదంటే బూట్ ఫైళ్లు వెళ్లి పాత డిస్కు మీద కూర్చుంటాయి, రేపు అది తీసేసిన రోజున ఎస్ఎస్‌డీ బూట్ కాదు. బయోస్‌లో సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో (ఎస్ఎస్‌డీకి తగిన మోడ్) ఉందో లేదో ఇన్‌స్టాల్‌కి ముందే చూసుకోండి. విండోస్ యాక్టివేషన్ గురించి బెంగ వద్దు, డిజిటల్ లైసెన్స్ బోర్డుకి ముడిపడి ఉంటుంది.

జవాబు 3

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇళ్లలో వాడేవారికి మైక్రోసాఫ్ట్ ఈఎస్‌యూ పేరుతో 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ప్రకటించింది, కొత్త ఇన్‌స్టాల్ అయ్యాక సెట్టింగ్స్‌లో నమోదు చేసుకోండి. విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ 8వ తరానికి ముందువి దాదాపు లేవు, మీ 4130 అసలే లేదు. దొడ్డిదారిన ఎక్కించవచ్చు కానీ నాన్నగారి లెక్కలున్న మెషీన్‌లో ఆ ప్రయోగం చేయొద్దు. ట్యాలీ అవసరం లేకపోతే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పేవాడిని.

అడిగినవారు

డేటా కాపీ అయింది. ఎస్ఎస్‌డీ, 4 జీబీ స్టిక్కు రెండూ తెచ్చాను, మా తమ్ముడు సగం డబ్బులిచ్చాడు. రెండూ పెట్టి ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే లేదు.

జవాబు 2

ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. రెండు స్టిక్కులూ తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపేయండి. స్లాటులో దుమ్ము బ్రష్‌తో తీయండి. ముందు పాత స్టిక్కు ఒక్కటే పెట్టి చూడండి. వస్తే ప్లగ్ పీకి, అదే స్లాటులో కొత్తది ఒక్కటే. నొక్కినప్పుడు చివర లాక్ టక్కుమని పడాలి. ఒక చివర అర మిల్లీమీటరు లేచి ఉన్నా డిస్‌ప్లే రాదు.

అడిగినవారు

కొత్తదాని ఒక చివర లాక్ పడలేదు, అదేనండీ. ఇప్పుడు బయోస్‌లో 8192 ఎంబీ (8 జీబీ) చూపిస్తోంది. పాత డిస్కు కేబుల్ తీసేసి విండోస్ మొదలుపెట్టాను.