పాలీహౌస్‌లో సీడ్‌లెస్ కీర వేయాలా, పందిరి మీద మామూలు కీర చాలా? ఇంట్లో గొడవగా ఉంది, చెప్పండి

వికారాబాద్ రైతుబిడ్డ
అందరికీ నమస్కారం. వికారాబాద్ దగ్గర మాకు బోరు కింద రెండెకరాలు ఉంది. టమాటా, బీర, కొంచెం కొత్తిమీర వేస్తున్నాం. ఒక ఎకరంలో పాలీహౌస్ (పైపుల మీద ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్డు) కట్టి సీడ్‌లెస్ కీర పెడదామని నేనంటున్నాను. నాన్న వద్దంటున్నారు. రాతి కడీలు పాతి పందిరి వేసుకుని, దాని మీద మామూలు హైబ్రిడ్ కీర పెట్టుకుంటే చాలు అంటున్నారు. సబ్సిడీ వచ్చినా మా వాటా డబ్బు బ్యాంకులో తేవాలి. చేసినవాళ్లు చెప్పండి. కంపెనీవాళ్ల మాటలు చాలా విన్నాను, మీ పొలంలో జరిగింది చెప్పండి.

చేవెళ్ల పాలీహౌస్
తమ్మీ, వెయ్యి. ఎకరం పాలీహౌస్‌లో దాదాపు 10,000 మొక్కలు పడతాయి. బాగా చూసుకుంటే మొక్కకు 3 నుంచి 4 కిలోలు, అంటే ఒక పంటకు 30, 40 టన్నులు. నాటిన 40 రోజుల లోపే మొదటి కోత వస్తుంది. ఏడాదికి మూడు పంటలు తీయొచ్చు. బయట వర్షం పడితే పందిరి కీర ఆకంతా బూజు తెగులుతో మాడిపోతుంది. లోపల ఆకు తడవదు కాబట్టి ఆ బాధ తక్కువ.

పనిలో మాత్రం క్రమం తప్పకూడదు. మొక్కను దారం మీద ఒకే కాండంగా పైకి తీయాలి. కింద రెండడుగుల వరకు పూత, పిందె గిల్లేయాలి. ఆశపడి అక్కడ కాయలు ఉంచితే మొక్క గిడసబారి పైన కాపు రాదు. పక్క కొమ్మలు రోజూ తీయాలి. ఎరువంతా డ్రిప్పులోనే. మొదట్లో 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది), కాపు మొదలయ్యాక 13:0:45, కాల్షియం నైట్రేట్. ఈ రెండూ ఒకే డ్రమ్ములో కలిపినా ఏం కాదు కానీ, కాల్షియంను ఫాస్ఫేటు, సల్ఫేటు ఉన్నవాటితో కలిపితే తెల్లగా గడ్డకట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి.

మదనపల్లె పందిరి
గింజ ధర చెప్పలేదేం అన్నా? సీడ్‌లెస్ గింజ ఒకటి 6, 7 రూపాయలు. 10,000 గింజలంటే 60, 70 వేలు ఒక్క పంటకు, మొలవని గింజలు లెక్కేయకుండానే. ఏడాదికి మూడు పంటలంటే రెండు లక్షలు గింజలకే పోతాయి.

ఇంకో మాట అడుగుతాను. తేనెటీగ వాలకుండా పూవు కాయ ఎలా అవుతుంది? మందు కొట్టి కాయిస్తున్నారనే మా ఊళ్లో అనుకుంటారు. నేను పందిరి కింద పుట్టి పెరిగినవాణ్ణి. తేనెటీగ రాని తోటలో కాయ నిలవడం నేను చూడలేదు.

విత్తనం చదివినవాడు
మందు కాదండీ. ఆ రకాల్లో ఫలదీకరణ లేకుండానే పిందె కాయగా పెరిగే గుణం జన్యువుల్లోనే ఉంటుంది. పైగా అవన్నీ ఆడపూలే పూస్తాయి. నాటు కీరలో ముందు మగపూలు గుంపుగా వస్తాయి, తర్వాత ఒక్కో ఆడపూవు. అందుకే దానికి తేనెటీగ తప్పనిసరి.

కీర పుట్టింది మన హిమాలయ పాదాల్లోనే. దాని అడవి రకం చేదుకాయ ఇప్పటికీ అక్కడ దొరుకుతుంది. హైబ్రిడ్ కూడా నిన్న మొన్నటిది కాదు. పూసా సంస్థవాళ్లు (ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ) జపాన్ నుంచి వచ్చిన ఆడపూల రకాన్ని 'గ్రీన్ లాంగ్ ఆఫ్ నేపుల్స్'తో కలిపి 'పూసా సంయోగ్' అనే హైబ్రిడ్ చాలా ఏళ్ల కిందటే ఇచ్చారు.

మిద్దెతోట అక్క
నాది కూకట్‌పల్లిలో మిద్దెతోట. నర్సరీలో సీడ్‌లెస్ అని చెప్పి ఇచ్చిన నారు తెచ్చి, నాటు కీర టబ్బు పక్కనే పెట్టాను. కాయలన్నీ కింద లావుగా, పైన సన్నగా సొరబుర్రల్లా వచ్చాయి, లోపల గింజలు. నర్సరీకి వెళ్లి అడిగితే "మీరే నీళ్లు సరిగా పోయలేదు" అన్నారు. డబ్బు పెట్టింది నేను, మాట పడింది నేనే. అసలు అది సీడ్‌లెస్సేనా?

విత్తనం చదివినవాడు
అక్కా, నారు సరైనదే అయ్యుండవచ్చు. పక్కన నాటు కీర మగపూలు ఉన్నాయి కాబట్టి తేనెటీగ ఆ పుప్పొడిని దీని మీదికి తెచ్చింది. గింజ కట్టిన చోట కాయ ఉబ్బుతుంది. లోపల గింజలు ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఆ ఆకారానికి కారణం నీళ్లు కాదు. నీటి ఎద్దడి, ఎండ ఎక్కువైతే కాయ చేదెక్కుతుంది. మిద్దె మీద రెండూ పెట్టుకోకండి, ఏదో ఒకటి ఎంచుకోండి.

చేవెళ్ల పాలీహౌస్
నేను ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నది ఇదే. మా పాలీహౌస్ పక్క చేనువాళ్లు తేనెటీగల పెట్టెలు తెచ్చి పెట్టారు, గట్టు మీద నాటు కీర ఎక్కించారు. నా వల చిరిగిన చోట నుంచి తేనెటీగలు దూరాయి. ఆ పంటలో సగం కాయలు వంకర. ఏజెంట్ రెండో రకం కింద పక్కకు పెట్టేశాడు. పెట్టెలు కొంచెం దూరం జరపమంటే "మా చేను, మా ఇష్టం" అన్నారు. ఆ పంట నష్టం ఎవరిస్తారు?

మదనపల్లె పందిరి
వల చిరిగింది మీది, తప్పు తేనెటీగలదా? మా దగ్గర దోస, గుమ్మడి, కాకర అన్నీ వాటి దయ మీదే బతుకుతున్నాయి. తేనెటీగ వస్తే నష్టం అనే సేద్యం నాకు వద్దు. ఆ కాయ నుంచి గింజ తీసి మళ్లీ వేసుకోగలమా? అది చెప్పండి. గింజే లేని కాయ నుంచి గింజ ఎక్కడిది? ప్రతి పంటకూ దుకాణం ముందు నిలబడాల్సిందే.

గుంటూరు మిర్చి
మిర్చికి కూడా అంతే కదా అన్నా, ఇప్పుడు ఎవరు గింజ దాచుకుంటున్నారు?

మదనపల్లె పందిరి
దాచుకోలేకపోవడం వేరు, దాచుకోవడానికి ఏమీ లేకపోవడం వేరు.

విత్తనం చదివినవాడు
దారి ఉందండీ. పూసావాళ్ల 'సీడ్‌లెస్ కుకుంబర్-6' హైబ్రిడ్ కాదు, రకం. పంత్‌నగర్ విశ్వవిద్యాలయం వాళ్లవి కూడా ఉన్నాయి. రకం కాబట్టి గింజ తీస్తే అదే గుణం వస్తుంది. అయితే దానికి మగపూలు ఉండవు కాబట్టి లేత మొక్క మీద సిల్వర్ నైట్రేట్ లాంటిది కొట్టి మగపూలు రప్పించాలి, చేత్తో పుప్పొడి అద్దాలి. రైతు ఇంట్లో చేసుకునే పని కాదు, కానీ ఒక రైతు సంఘం చేయగలదు. హైబ్రిడ్ కాయ గింజ మాత్రం మళ్లీ వేయకండి, మొక్కకో తీరుగా వస్తుంది.

సిద్దిపేట సతమతం
మీరందరూ గింజ గురించే కొట్టుకుంటున్నారు. పాలీహౌస్‌ను చంపేది గింజ కాదు, మట్టిలో ఉండి వేళ్లను పట్టే నులిపురుగు. మొదటి ఏడాది నా కీర చూడ్డానికి పక్క ఊళ్ల నుంచి వచ్చారు. ఒకే నేలలో కీర మీద కీర వేశాను. తర్వాత మధ్యాహ్నం అయ్యేసరికి మొక్కలు వాలిపోయేవి. పీకి చూస్తే వేరంతా బుడిపెలు. బయట పొలంలో అయితే జొన్న వేసి మార్చుకుంటాం. 30 లక్షల పైపుల కింద జొన్న వేస్తామా?

ఏప్రిల్, మే నెలల్లో బెడ్లు తడిపి, పల్చటి పారదర్శక పాలిథీన్ కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు ఎండకు ఉడకనివ్వాలి. వేపపిండిలో నులిపురుగును తినే శిలీంధ్రం మాగబెట్టి వేయాలి. అంచుల్లో బంతి పెట్టాలి. ఇవన్నీ చేస్తే పురుగు తగ్గుతుంది, పూర్తిగా పోదు.

చేవెళ్ల పాలీహౌస్
వేసవిలో బెడ్లు ఖాళీ పెడితే సరి, ఆ ఖాళీలోనే ఉడకబెట్టేయొచ్చు. ఎలాగూ మేలో లోపల 40 డిగ్రీలు దాటితే పిందె నిలవదు. మీరు పంట మార్పిడి చేయలేదు, నింద పాలీహౌస్ మీద వేస్తున్నారు.

సిద్దిపేట సతమతం
కిస్తీ ఎదురుగా ఉన్నప్పుడు ఖాళీ పెట్టే ధైర్యం ఉంటుందా? మీకు కిస్తీ లేదేమో.

మదనపల్లె పందిరి
చేవెళ్ల అన్నా, సూటిగా అడుగుతున్నాను. ప్రతి చర్చలోనూ కొత్తవాళ్లు ఎవరు వచ్చినా "వెయ్యి" అంటారు. మీరు గింజల డీలరా? పైపుల కంపెనీ తరఫున మాట్లాడుతున్నారా?

చేవెళ్ల పాలీహౌస్
మాట జాగ్రత్త. నా పట్టా, నా బోరు, నా చేతుల మీద పగుళ్లు. నేనెవరి మనిషినీ కాదు. 2014-15లో తెలంగాణలో 75 శాతం సబ్సిడీ ఇస్తే ఇక్కడివాళ్లం ధైర్యం చేశాం. మీ వైపు అంత రాలేదని ఆ కోపం మా మీద తీర్చుకోకండి.

ఆర్మూరు పసుపు
ఇద్దరూ ఆగండి. పిల్లవాడు అడిగింది ఒకటి, మీరు కొట్లాడుకునేది ఒకటి.

నిర్వాహకులు
ఎవరినీ కంపెనీ మనిషి అనవద్దు, ఏ ప్రాంతాన్నీ ఎత్తిపొడవవద్దు. ఇంకోసారి జరిగితే చర్చ మూసేస్తాం.

మదనపల్లె పందిరి
సరే, నా కోపం ఎక్కడిదో చెబుతాను. మా చిన్నాన్న కొడుకు పాలీహౌస్ కట్టాడు. సబ్సిడీ పని అంతా అయ్యాక వస్తుందన్నారు, ముందు మొత్తం తన చేతి నుంచే పెట్టాడు, భూమి తాకట్టుతో. ఈదురుగాలికి పై షీటు ఒక్క రాత్రిలో చీలికలైంది. బీమా వాళ్లు పైపులకు వర్తిస్తుంది, షీటుకు వర్తించదన్నారు. కొత్త షీటుకు మళ్లీ అప్పు. ఆ పాసుపుస్తకం ఇంకా బ్యాంకులోనే ఉంది. కాయ రుచి బాగోలేదనో, తేనెటీగ లేదనో కాదు నా బాధ. పందిరి పడిపోతే కడీలు లేపి తీగ లాగుతాం, భూమి పోదు. ఇది పడితే భూమి పోతుంది.

చేవెళ్ల పాలీహౌస్
ఈ మాట మొదటే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు. నాదీ చెబుతాను. మేము మొదలుపెట్టినప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో చాలామందిమి కీర వేసేవాళ్లం. అందరి కాయా కలిపి ఒక వ్యాను నింపి నేరుగా హైదరాబాద్ పెద్ద దుకాణాలకు పంపేవాళ్లం. వాళ్లు సైజు చూసి, నునుపు చూసి మామూలు కీరకన్నా మంచి ధర ఇచ్చేవారు. ఇప్పుడు సగం పాలీహౌస్‌లు ఉత్త పైపులుగా నిలబడ్డాయి. నా ఒక్కడి కాయకు వ్యాను నిండదు. బోయిన్‌పల్లి మార్కెట్‌కు తీసుకెళ్తే పాలీహౌస్ కాయకూ, బయటి కాయకూ ఒకటే ధర కడుతున్నారు. 7 రూపాయల గింజ కాయ, రూపాయి గింజ కాయ ఒకే క్రేట్‌లో పోస్తున్నారు. అందుకే కొత్తవాళ్లు రావాలంటాను.

మదనపల్లె పందిరి
అంటే మీ వ్యాను నిండడానికి ఆ పిల్లవాడు భూమి తాకట్టు పెట్టాలా?

చేవెళ్ల పాలీహౌస్
నా వ్యాను కాదు, మా అందరి వ్యాను. పదిమంది ఉంటేనే ధర అడిగే నోరు ఉంటుంది. ఒక్కడికి ఉండదు.

మదనపల్లె పందిరి
మదనపల్లె టమాటా చూడండి. ఊళ్లకు ఊళ్లు వేస్తాయి. కాయ ఎక్కువైన రోజు ధర అడిగే నోరు ఎవరికుంది? రోడ్డు పక్కన పారబోస్తాం. ఎంతమంది వేస్తే అంత పడిపోతుంది.

చేవెళ్ల పాలీహౌస్
టమాటా ఎవరైనా ఎక్కడైనా వేస్తారు. ఇది అలా కాదు. ఎక్కువమంది వేయడం వేరు, వేసినవాళ్లు ఒకచోట అమ్మడం వేరు. మీ దగ్గర వేసేవాళ్లు చాలామంది, కలిసి అమ్మేవాళ్లు లేరు.

సిద్దిపేట సతమతం
కలిసి అమ్మిన మీరు ఎందుకు విడిపోయారో కూడా చెప్పండి.

చేవెళ్ల పాలీహౌస్
ఇద్దరు ముగ్గురు వంకర కాయలు కింద పెట్టి పైన మంచివి పరిచి పంపారు. దుకాణంవాళ్లు ఆర్డర్ ఆపేశారు. కీర తప్పు కాదది.

విత్తనం చదివినవాడు
వికారాబాద్ తమ్ముడూ, లెక్క ఒకటి చూసుకో. కేంద్ర ఉద్యాన మిషన్ 2014 నాటి లెక్కలో ఎకరం సైజు పాలీహౌస్‌కు చదరపు మీటరుకు 844 రూపాయలు కట్టారు, ఒక రైతుకు 4,000 చదరపు మీటర్ల వరకు. మొత్తం 33 లక్షల 76 వేలు. సగం సబ్సిడీ అయితే నీ వాటా 16 లక్షల 88 వేలు. 75 శాతం అయితే 8 లక్షల 44 వేలు. ఇప్పుడు ఖర్చులు పెరిగాయి, ఈ ఏడాది ఎంత శాతం, డబ్బు ఎప్పుడు పడుతుంది అనేది మీ మండల ఉద్యాన అధికారి దగ్గర రాతపూర్వకంగా తీసుకో. నోటిమాట మీద గుంత తవ్వకు. షీటు కూడా నాలుగైదేళ్లకొకసారి మార్చాలి, ఆ డబ్బు మొదటి రోజు నుంచే పక్కన పెట్టాలి.

వికారాబాద్ రైతుబిడ్డ
అందరికీ ధన్యవాదాలు. నాన్నకు మొత్తం చదివి వినిపించాను. ఎకరం మాట ఆపేశాం. ఈసారి పావు ఎకరంలో పందిరి, దాని మీద మామూలు హైబ్రిడ్. మా చుట్టుపక్కల కీర వేసేవాళ్లు ఎందరున్నారో తెలుసుకున్నాక పాలీహౌస్ సంగతి మాట్లాడదాం అన్నారు నాన్న. బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే ఈసీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1.8 వచ్చింది. కీరకు పనికొస్తాయా?

విత్తనం చదివినవాడు
కీరకు సాగునీటి ఈసీ 1.7 వరకు దిగుబడి తగ్గదు. 1.8కి తగ్గేది కొంచెమే. డ్రిప్పులో ఉప్పు ఎరువులు ఎక్కువ వేయకు, అప్పుడప్పుడు ఉత్త నీళ్లు ఎక్కువ వదిలి వేరు దగ్గర ఉప్పు కిందికి దించు.

చేవెళ్ల పాలీహౌస్
పాలీహౌస్‌లో అయితే ఈ నీళ్లు ఇబ్బందే. లోపల వర్షం పడదు, ఉప్పు పైనే నిలుస్తుంది. వాన నీటి కుంట తవ్వి పెట్టుకో తమ్మీ, రేపు కట్టినా కట్టకపోయినా పనికొస్తుంది.

మదనపల్లె పందిరి
కుంట మంచి మాట. పందిరికి కడీలు ఎంత దూరంలో పాతాలో, తీగ ఎంత మందం తీసుకోవాలో నన్ను అడుగు బాబూ, రాసి పెడతాను. పాసుపుస్తకం మాత్రం ఇంట్లోనే ఉంచు.