ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్‌లో సైన్స్ ఉందా, అన్నీ స్లోగన్లేనా?

బాలానగర్ లేత్: మాది సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు) జాబ్‌వర్క్ షాపు. ఏడాదికో కన్సల్టెంట్ వస్తాడు, ఒకాయన లీన్ (వృథా తగ్గించడం) అంటాడు, ఇంకొకాయన సిక్స్ సిగ్మా (లోపాలు తగ్గించడం) అంటాడు, గోడల మీద బోర్డులు పెరుగుతాయి కానీ సరుకు మాత్రం పార్టీకి లేటుగానే వెళ్తుంది. షాఫ్టు ఎంత బరువు మోస్తుందో లెక్కకట్టి చెప్పగలం కదా, అలా 'ఇది మారిస్తే ఇంత మారుతుంది' అని చెప్పే సూత్రాలు ఇక్కడ ఉన్నాయా? కేస్ స్టడీలు వద్దు ప్లీజ్.

క్యూలైన్: ఉన్నాయన్నా. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం చూడండి: షాపులో సగటున ఉన్న పని = రోజుకి పూర్తయ్యే పని × ఒక్కో జాబు లోపల ఉండే రోజులు. ఫ్లోర్ మీద 300 జాబులుండి రోజుకి 20 బయటికెళ్తుంటే సగటున 15 రోజులు పడుతుంది, సూపర్‌వైజర్ ఎంత అరిచినా సరే. వారంలో ఇస్తామని పార్టీకి మాటిస్తే ఫ్లోర్ మీద 140 దాటకూడదు, అదీ రోజుకి 20 తగ్గకుండా.

గచ్చిబౌలి ఎంబీఏ: అది కరెక్టే, కానీ ఒట్టి జమాఖర్చు లెక్క. క్యూ ఎందుకు పెరుగుతుందో చెప్పదు. దానికి కింగ్‌మన్ సూత్రం ఉంది, అదీ 1961దే. మెషిన్ ఎంత బిజీ, పని రాకలో, పట్టే టైములో ఎంత ఎగుడుదిగుడు, ఒక్కో జాబుకి ఎంతసేపు, ఈ మూడింటి మీదే ఎదురుచూపు ఆధారపడుతుంది. ఒకే మెషిన్, రాక, టైము రెండూ బాగా అస్తవ్యస్తంగా ఉన్నాయనుకోండి: 80 శాతం బిజీ అయితే జాబు టైముకి 4 రెట్లు వెయిటింగ్, 90కి 9 రెట్లు, 95కి 19. ఓనర్లకి ఇది మింగుడుపడదు, ఖాళీ మెషిన్ మీద వడ్డీ కళ్ళముందు కనిపిస్తుంది, క్యూలో ఇరుక్కున్న సరుకు మీద వడ్డీ ఎవరికీ కనిపించదు మరి.

పాతలెక్కలు: ఈ లెక్కలు కొత్తవేం కాదు. 1909లోనే ఎర్లాంగ్ కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కాల్స్ మీద మొదలుపెట్టాడు, 1913లో హారిస్ ఒక్కసారికి ఎంత లాట్ చేయాలో సూత్రం రాశాడు. స్లోగన్ ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో ముందే చెప్పగలగాలి, నా దృష్టిలో సైన్స్ అంటే అదీ. బ్యాచ్ చిన్నది చేయమంటారు కదా, సెటప్ టైము (ఒక జాబు నుంచి ఇంకో జాబుకి మెషిన్ సిద్ధం చేసే టైము) తగ్గించకుండా బ్యాచ్ సగం చేస్తే సెటప్‌లే రెట్టింపై మెషిన్ 95 శాతం బిజీ దాటిపోవచ్చు.

బాలానగర్ లేత్: మాకు జరిగింది అదే! సెటప్ గంటన్నర, బ్యాచ్ సగం చేయించారు. ఒక డౌటు, హీట్ ట్రీట్‌మెంట్‌కి బయటికి పంపినవి కూడా ఆ 300లో కలపాలా?

క్యూలైన్: కలపాలి. పార్టీ లెక్కలో అవి ఇంకా మీ దగ్గరే ఉన్నాయి.