మార్లిన్ వేటకి వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? హైదరాబాద్ నుంచి ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఉప్పల్ గాలం:
అందరికీ నమస్కారం. పదిహేనేళ్లుగా గాలం వేస్తున్నాను. సింగూరు, నాగార్జునసాగర్, వీలు కుదరకపోతే దగ్గర్లోని చెరువు. ఇప్పటిదాకా నాకు పడిన పెద్ద చేప పదకొండు కిలోల బొచ్చె. దాన్ని ఒడ్డుకు తెచ్చిన ఆ ఇరవై నిమిషాలు ఇంకా కళ్లముందే ఉన్నాయి. ఒక్కసారైనా నడిసముద్రంలో మార్లిన్ కోసం, అంటే ఈటెలాంటి కొమ్ముండే ఆ పెద్ద చేప కోసం వెళ్లాలని నేనూ తమ్ముడూ ఈ ఏడాది గట్టిగా అనుకున్నాం. వీడియోలు బోలెడు చూశాం, కానీ వాటిలో చేప పడిన రోజే చూపిస్తారు. ఎక్కడికి వెళ్లాలి, ఏ నెలలో, మా రాడ్లు పనికొస్తాయా, బోటు మాట్లాడేటప్పుడు ఏం అడగాలి? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

మియాపూర్ 49:
తమ్ముడూ, చెరువు రాడ్లు ఇంట్లోనే పెట్టు. మార్లిన్ బోట్లలో రాడ్లు, రీళ్లు అన్నీ వాళ్లే ఇస్తారు. 80 పౌన్లు, 130 పౌన్ల బలాన్ని తట్టుకునే లైను ఉంటుంది. ఆ రీలు ఒక్క చేత్తో ఎత్తడమే కష్టం.

నేను మారిషస్ వెళ్లాను. మనవాళ్లు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. పడమటి తీరంలో బ్లాక్ రివర్ అని ఒక ఊరుంది. అక్కడ ఒడ్డు దాటి కొద్ది దూరం పోగానే సముద్రం ఒక్కసారిగా వందల మీటర్ల లోతుకు దిగిపోతుంది. బ్లూ మార్లిన్‌కి నవంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం.

బెండు చూస్తూ కూర్చునే వేట కాదిది. బోటు గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉంటుంది. వెనక నాలుగైదు రబ్బరు ఎరలు నీటి పైపైన బుడగలు కక్కుతూ వస్తుంటాయి. బోటుకి రెండు పక్కలా చాపిన పొడవాటి గడలు లైన్లు ఒకదానికొకటి చిక్కుపడకుండా చూస్తాయి. మొదటి రెండు రోజులూ మాకు ఏమీ పడలేదు. ఎనిమిదేసి గంటలు ఇంజను మోత, డీజిల్ వాసన, ఎండ. మూడో రోజు మధ్యాహ్నం కుడివైపు ఎర వెనకాల నీళ్లలో ముదురు గోధుమరంగు నీడ ఒకటి కనిపించింది. అది ఎర మీదికొచ్చే క్షణంలో ఒళ్లంతా నీలం చారలు తేలాయి, లోపల ట్యూబ్‌లైటు వేసినట్టు. వేటాడే ఉత్సాహంలో మార్లిన్ ఒంటి రంగు అలా మారుతుందని చదివాను గానీ, చూస్తే నోట మాట రాలేదు. తర్వాత రీలు కేక పెట్టింది. యాభై అయిదు నిమిషాలు పట్టింది. కెప్టెన్ బోటుని వెనక్కి నడుపుతుంటే నేను లైను చుట్టుకుంటూ పోయాను. నూట ఇరవై కిలోలు ఉంటుందని ఆయన అంచనా. ట్యాగ్, అంటే గుర్తింపు చీటీ గుచ్చి వదిలేశాం.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. అక్కడ చాలా బోట్లలో పడిన చేప బోటువాళ్లదే. వదిలేస్తారా, కోసి అమ్ముకుంటారా అన్నది డబ్బు కట్టకముందే అడుగు. నేను అడిగి ఒప్పించుకున్నాకే ఎక్కాను.

పూడిమడక అబ్బాయి:
నేను ఉండేది కొండాపూర్‌లో, మా ఊరు మాత్రం అనకాపల్లి జిల్లా తీరం. మీరు మార్లిన్ అంటున్న చేపని మేం కొమ్ము కోనాం అంటాం. మా వాళ్లు చిన్న బోటులో వెళ్లి చేతి తాడుతో, గాలంతో పడతారు. పెద్ద బోట్లలోలా చేపని లాగేటప్పుడు కూర్చునే కుర్చీ లేదు, రాడ్ ఆనించుకునే బెల్టు లేదు. 2022లో పరవాడ వైపు ఒకాయన్ని అది కొమ్ముతో పొడిస్తే ప్రాణం పోయింది. 2025 జులైలో మా పూడిమడక మత్స్యకారుణ్ణి గాలానికి పడ్డ కొమ్ము కోనాం సముద్రంలోకి లాగేసింది. ఊరంతా ఒడ్డున నిలబడిపోయింది.

భయపెట్టాలని కాదు అన్నా. చేప బోటు పక్కకి వచ్చినప్పుడే అసలు ప్రమాదం. అలసిపోయిందనుకుంటాం, అది ఒక్కసారి తల విసురుతుంది. లైనుని చేతికి చుట్టుకోవద్దు, ఎంత అనుభవం ఉన్నా సరే. కొమ్ము పట్టుకునే పని కళాసీలకే వదిలేయండి. లైఫ్ జాకెట్లు, వైర్‌లెస్ సెట్ చూపించని బోటు ఎక్కకండి.

తార్నాక నుంచి:
మొదటిసారికి అండమానే మంచిదని నా గట్టి నమ్మకం. శంషాబాద్ నుంచి నేరుగా విమానం ఉంటుంది, ప్రయాణం రెండున్నర గంటల లోపే. హేవ్‌లాక్, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్ నుంచి బోట్లు బయల్దేరతాయి. సెయిల్‌ఫిష్, డాగ్‌టూత్ ట్యూనా, వాహూ, బారకుడా ఉంటాయి, మార్లిన్ కూడా. అన్నిటికన్నా మజా జైంట్ ట్రెవల్లీ అనే చేపతో. రాళ్ల దగ్గర పాపర్, అంటే నీటి పైన చప్పుడు చేసే ఎర విసిరితే ఆ చేప నీళ్లు బద్దలు చేసుకుంటూ పైకి వస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలోనూ అండమాన్‌లోనూ మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ తర్వాత వానలు, గాలి. కాబట్టి డిసెంబరు నుంచి మార్చి మధ్య చూసుకోండి. బోటు అద్దె తలకింత అని ఉండదు, మొత్తం బోటుకి ఒకే రేటు, నలుగురు కలిస్తే భారం తగ్గుతుంది. పాపింగ్‌కి సొంత రాడ్ తీసుకెళ్లేట్టయితే రాణిగంజ్‌లో మందపాటి పీవీసీ పైపు కోయించుకుని, రెండు వైపులా మూతలు పెట్టి చెక్-ఇన్‌లో వేయండి. గుడ్డ సంచిలో పంపిన మా ఫ్రెండు రాడ్ రెండు ముక్కలై వచ్చింది.

సుచిత్ర సర్కిల్:
నేనూ రెండుసార్లు వెళ్లాను. వాంతుల గురించి ఎవరూ రాయలేదేంటి? మొదటిసారి నాకు రోజంతా అందులోనే పోయింది. వాంతి మొదలయ్యాక మాత్ర మింగితే కడుపులో నిలవదు. అవోమిన్ లాంటిది డాక్టర్ని అడిగి ముందురాత్రి ఒకటి, బోటు ఎక్కే గంట ముందు ఒకటి వేసుకున్నాను, రెండోసారి హాయిగా ఉన్నాను. దానికి మత్తు వస్తుంది, రాత్రి త్వరగా పడుకోండి. బోటులో ఫోన్ చూడొద్దు, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత మీదే చూపు పెట్టండి. పొద్దున ఇడ్లీ చాలు, నూనె వద్దు.

ఇంకోటి. మార్లిన్ మాంసంలో పాదరసం ఎక్కువ. గర్భిణులూ చిన్నపిల్లలూ తినకూడని చేపల్లో అదొకటి. ఇంట్లోవాళ్లకి తెద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఉప్పల్ గాలం:
అందరికీ చాలా థాంక్స్. రోజూ సాయంత్రం మేడ మీద కసరత్తు మొదలుపెట్టాం. ఇరవై లీటర్ల నీళ్ల క్యానుకి లైను కట్టి లాగుతున్నాం. డ్రాగ్, అంటే చేప లాగేటప్పుడు లైనుని పట్టి ఉంచే రీలు బిగువు, ఎంత పెట్టాలో ఎలా తెలుస్తుంది?

మియాపూర్ 49:
లైను తెగే బలంలో మూడో వంతు. 80 పౌన్లంటే దాదాపు 36 కిలోలు, అంటే డ్రాగ్ 12 కిలోలు. లగేజీ తూచే త్రాసుకి లైను తగిలించి లాగు, అంకె కనిపిస్తుంది. 12 కిలోల లాగుడుకి నడుము ఎలా వంగుతుందో ఇంట్లోనే తెలుసుకుంటే మంచిది. చేతులతో లాగకు, కాళ్లతో నిలబడు.

రికార్డు కావాలంటే ఇంకో నియమం ఉంది. చేప పడ్డాక మరొకరు రాడ్ ముట్టుకుంటే, రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంఘం ఐజీఎఫ్ఏ ఒప్పుకోదు. బ్లాక్ మార్లిన్ రికార్డు 1953లో పెరూలోని కాబో బ్లాంకోలో పట్టినది, 1,560 పౌన్లు, అంటే 707 కిలోలు. ఇన్నేళ్లయినా అది అలాగే ఉంది.

తార్నాక నుంచి:
ఆ రికార్డుల గురించే ఒక మాట. మార్లిన్‌లలో బాగా పెద్దవన్నీ ఆడవే. మగవి అందులో సగం బరువుకి కూడా రావు. అంటే ఫొటో కోసం వేలాడదీసేది గుడ్లు పెట్టే తల్లిని. ఇది తెలిశాక నాకు మనసొప్పలేదు. నిజం ఎరతో వేటాడేటప్పుడు సర్కిల్ హుక్, అంటే మొన లోపలికి వంగిన గుండ్రటి గాలం అడగండి, అది గొంతులోకి దిగకుండా దవడ మూలన పట్టుకుంటుంది. చేపని బోటులోకి ఎత్తనివ్వకండి. నీళ్లలోనే ఉంచి బోటుని మెల్లగా ముందుకు నడిపితే మొప్పల్లోంచి నీళ్లు పారి దానికి ఊపిరి అందుతుంది. తోక తనంతట తాను కొట్టేదాకా వదలొద్దు.

ఉప్పల్ గాలం:
ఫిబ్రవరిలో హేవ్‌లాక్ వెళ్లొచ్చాం. మూడు రోజులు. మార్లిన్ పడలేదు, ఒకసారి ఎర వెనక నీడ మాత్రం వచ్చి వెనక్కి తిరిగిపోయింది. రెండో రోజు తమ్ముడికి సెయిల్‌ఫిష్ పడింది. నెమలి పురి విప్పినట్టు వీపు మీది రెక్క తెరిచి నాలుగుసార్లు గాల్లోకి లేచింది. బోటు పక్కకి వచ్చాక సరంగు దాని కొమ్ము పట్టుకుని, నన్ను గ్లవుజు వేసుకుని ముట్టుకోమన్నాడు. ఉప్పుకాగితంలా గరుకుగా ఉంది. కన్ను పెద్దది, నల్లగా, నన్నే చూస్తున్నట్టు ఉంది. బోటు మెల్లగా పోతోంది, రెండు నిమిషాలకి దాని ఒంటికి మళ్లీ నీలిరంగు ఎక్కింది. తోక ఒక్కసారి విసిరి వెళ్లిపోయింది. తమ్ముడి ఫోన్లో ఉన్న ఫొటోలో నీళ్లు తప్ప ఏమీ లేవు, వాడు దాన్నే వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాడు.

మియాపూర్ అన్నా, నవంబరుకి మారిషస్ అనుకుంటున్నాం. చేప వదిలేయడానికి ఒప్పుకున్న ఆ కెప్టెన్ వివరాలు మెసేజ్‌లో పంపుతారా? ఇంకో ఇద్దరు వస్తామంటే బోటు నలుగురం పంచుకోవచ్చు.