ఫ్లోరెన్స్ ప్రైస్ వయొలిన్ రచనలు ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్తే. మా అమ్మాయి ఐదేళ్లుగా వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుంటోంది. ఈసారి వార్షికోత్సవంలో వివాల్డీ వద్దు, అమెరికన్ స్వరకర్త ఫ్లోరెన్స్ ప్రైస్ రాసింది వాయిస్తానని పట్టుబట్టింది. వాళ్ల మాస్టారు ఆ పేరే వినలేదట. నిజం చెప్పాలంటే పోయిన నెలదాకా నేనూ వినలేదు!

1933లో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా ఆవిడ మొదటి సింఫనీ (ఆర్కెస్ట్రా మొత్తం కలిసి వాయించే పెద్ద రచన) వాయించింది. ఒక నల్లజాతి మహిళ రాసిన సింఫనీని అమెరికాలో పెద్ద ఆర్కెస్ట్రా వాయించడం అదే మొదలు. 1953లో పోయారు. ఆ తర్వాత దాదాపు మరిచేపోయారు. 2009లో ఇల్లినాయ్‌లోని సెయింట్ ఆన్ ఊళ్లో, చెట్టు పడి కప్పుకు చిల్లుపడ్డ పాత ఇంట్లో, కట్టలకొద్దీ ఆవిడ చేతిరాత కాగితాలు దొరికాయి. అందులో రెండు వయొలిన్ కాన్‌చెర్టోలు, అంటే ఆర్కెస్ట్రా తోడుగా ఒక్క వయొలిన్ ముందుండి వాయించే రచనలు!

రెండో కాన్‌చెర్టో పావుగంటే కదా, మా అమ్మాయి స్థాయికి అందుతుందా? పియానో తోడుగా వాయించే నోట్స్ ఎక్కడ కొనొచ్చు? లేదంటే ఇంతకన్నా చిన్నవి ఏవైనా చెప్పండి.

ఇంకొకటి. పైన చెప్పిన మొదటి సింఫనీలో మూడో భాగం జూబా. బానిసలు డప్పు లేకుండా తొడల మీద, గుండెల మీద చరుచుకుంటూ వేసిన దరువు అది. ఆదితాళం వేసి చూశాం, దెబ్బ చేతికి దొరక్కుండా సందులో పడుతోంది. దాన్ని ఎలా లెక్కపెట్టాలో తెలిసినవాళ్లు కాస్త చెబుతారా?