చలికాలంలో పాత నాణేల వేట: డిటెక్టర్ కొన్నాను, ఇక ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: చిల్లికానీ

అందరికీ నమస్కారం. నేను ఆరేళ్లుగా ఇంగ్లండులో, లెస్టర్‌కు కొద్ది దూరంలో ఉంటున్నాను. అక్టోబరు చివర గడియారాలను గంట వెనక్కి జరిపిన తరువాత ఇక్కడి శని, ఆదివారాలు ఎంత ఇరుకైపోతాయో ఈ దేశంలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. నాలుగు గంటలకే చీకటి పడుతుంది, క్రికెట్ ఉండదు, ఇంట్లో కూర్చుంటే చేతిలో ఫోను తప్ప మరో కాలక్షేపం ఉండదు. మా ఆఫీసులో ఒక పెద్దాయన పదిహేనేళ్లుగా పొలాల్లో పాత నాణేలు వెతుకుతున్నారు. ఆయన ఇచ్చిన రోమన్ నాణెం ఒకటి అరచేతిలో పెట్టుకుని చూసిన రోజు నుంచి నాకూ అదే ధ్యాస పట్టుకుంది. పోయిన నెల ఎవరో వాడి అమ్మేసిన మెటల్ డిటెక్టర్‌ను 160 పౌండ్లకు కొన్నాను.

మొదటి ప్రయత్నం మా వీధి చివరి పార్కులో చేశాను. మూడు గంటల్లో కూల్‌డ్రింక్ డబ్బాల మూత రింగులు పదకొండు, నలిగిన అల్యూమినియం రేకు, 1982 నాటి ఇరవై పెన్స్ నాణెం ఒకటి దొరికాయి. ఆపైన పార్కు ఉద్యోగి వచ్చి, అనుమతి లేకుండా ఇక్కడ తవ్వకూడదని మర్యాదగానే చెప్పి పంపించారు. సిగ్గుతో ఇంటికి వచ్చాను. అసలు ఎక్కడ వెతకవచ్చు, ఎవరిని అడగాలి, ఈ పనికి నిజంగా చలికాలమే మంచిదా, ఏదైనా దొరికితే అది నాదవుతుందా అన్నవి నా సందేహాలు.

ఇంకొక మాట కూడా ఉంది. మా నాయనమ్మది గుంటూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. వానలకు ముందు దుక్కి దున్నితే నాగలి చాలులో రాగి డబ్బులు, సీసపు బిళ్లలు పైకి తేలేవని, పిల్లలు వాటితో గచ్చకాయల బదులు ఆడుకునేవారని ఆమె చెప్పేవారు. సంక్రాంతికి ఊరికి వెళ్తున్నాను. డిటెక్టర్‌ను వెంట తీసుకువెళ్లి మా సొంత పొలంలోనే ఒక పూట తిప్పితే తప్పేమైనా ఉందా?

తేమనేల

చిల్లికానీ గారూ, పార్కులో జరిగినది ఇక్కడ వెతికేవారిలో సగం మందికి జరిగినదే. అది మునిసిపల్ కౌన్సిల్ భూమి, వారి అనుమతి లేనిదే కుదరదు. ఇంగ్లండులో ప్రతి అంగుళం నేలకూ ఒక యజమాని ఉంటాడన్నది మొదటి సూత్రంగా పెట్టుకోండి. నేను సఫోక్‌లో పదకొండు చలికాలాలుగా వెతుకుతున్నాను. దొరికిన నాణేల కంటే అనుమతి కోసం రైతుల గుమ్మాల ముందు నిలబడిన గంటలే ఎక్కువ. ఉత్తరం రాయడం కంటే స్వయంగా వెళ్లడం మేలు. మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్లండి, బూట్లు గుమ్మం బయటే విప్పండి, దొరికినవన్నీ చూపిస్తానని, విలువైనది ఏదైనా ఉంటే సగం పంచుకుంటానని ముందుగానే రాసిస్తానని చెప్పండి. నాకు తొమ్మిది మంది కాదన్నారు, పదో ఆవిడ టీ ఇచ్చి మరీ సరే అన్నారు.

చలికాలం గురించి అడిగారు. దున్నిన పొలాలకు అసలైన అదను కోతల తరువాత, అంటే ఆగస్టు చివరి నుంచి కొయ్యకాళ్లు ఉన్నన్నాళ్లూ, ఆపైన దున్ని గోధుమ చల్లే వరకూ. మొలక లేచిన తరువాత రైతు పొలంలోకి రానివ్వడు, రానివ్వమని అడగడం కూడా భావ్యం కాదు. కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో మనకు మిగిలేవి పచ్చిక బయళ్లు. మీ లెస్టర్ చుట్టుపక్కల అవి కావలసినన్ని ఉన్నాయి. ఎండాకాలంలో పచ్చికను కోసి తవ్వితే ఆ చెక్క ఎండిపోయి, పొలమంతా పసుపు మచ్చలు మిగిలి, మరుసటి ఏడు అనుమతి పోతుంది. చలికాలంలో నేల తడిగా ఉంటుంది కాబట్టి మూడు వైపులా కోసి, నాలుగో వైపు మడత పెట్టి, పని అయ్యాక మళ్లీ కప్పి తొక్కితే వారంలో ఆనవాలు ఉండదు. గడ్డి పొట్టిగా ఉండడం వలన కాయిల్‌ను, అంటే డిటెక్టర్ కింది కొసన ఉండే తీగచుట్టను, నేలకు ఆనించినట్లే తిప్పవచ్చు. అన్నిటికంటే నాకు నచ్చినది ఏటవాలు ఎండ. జనవరిలో ఉదయం పది గంటలకు ఆ ఎండ పచ్చిక మీద పడితే, మధ్యయుగాల నాటి ఎద్దుల నాగళ్లు మిగిల్చిన గట్లు, పల్లాలు నీడలుగా లేచి కనబడతాయి. వేసవిలో అదే పొలం బల్లపరుపుగా ఉన్నట్లే ఉంటుంది. ఎవరు ఎక్కడ నడిచారో, ఎక్కడ పని చేశారో ఆ నీడలు చెబుతాయి. నేల గడ్డకట్టిన రోజున మాత్రం వెళ్లకండి, పార దిగదు. చలికి బ్యాటరీ కూడా తొందరగా పడిపోతుంది.

మూత రింగుల గురించి బాధపడకండి. యంత్రం పంపే అయస్కాంత క్షేత్రానికి లోహంలో చిన్న విద్యుత్ ప్రవాహం పుడుతుంది, దాని తీరును బట్టే తెర మీద అంకె పడుతుంది. చిన్న బంగారు నాణానికీ, అల్యూమినియం రింగుకూ దాదాపు ఒకే అంకె వస్తుంది. అందుకే రింగులు తవ్వను అనుకున్నవాడు బంగారం కూడా తవ్వడు. తవ్విన చెత్తను, ముఖ్యంగా సీసాన్ని, పొలంలో వదిలిపెట్టకండి. అది పశువులకు విషం.

చట్టం సంగతి. చారిత్రక కట్టడంగా ప్రభుత్వం జాబితాలో చేర్చిన స్థలంలో అనుమతి లేకుండా డిటెక్టర్ వాడడం 1979 చట్టం ప్రకారం నేరం, పొలం యజమాని ఒప్పుకున్నా సరే. ఇక 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం, 300 ఏళ్లు దాటిన, కనీసం పది శాతం బంగారం గాని వెండి గాని ఉన్న నాణేలు ఒకే చోట రెండు గాని అంతకంటే ఎక్కువ గాని దొరికితే 14 రోజుల లోపల కరోనర్ అనే స్థానిక విచారణాధికారికి తెలియజేయాలి. బంగారం, వెండి అంతకంటే తక్కువగా ఉన్న నాణేలైతే పది ఉండాలి. మ్యూజియం కొనుక్కుంటే వచ్చే సొమ్మును సాధారణంగా మీకూ భూయజమానికీ చెరి సగం ఇస్తారు. ఒంటరి నాణెం మామూలుగా ఈ లెక్కలోకి రాదు. కానీ దాన్ని కూడా మీ జిల్లాలోని ఫైండ్స్ లియజాన్ ఆఫీసర్‌కు చూపించండి. వారు బొమ్మ తీసి, తూచి, దొరికిన చోటుతో సహా నమోదు చేసి నాణెం మీకే తిరిగి ఇస్తారు. బ్రిటిష్ మ్యూజియం నడిపే ఆ జాబితాలో ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు ఉన్నాయి.

చివరగా నా తప్పు ఒకటి. మూడో చలికాలంలో నాకు గోరంత వెండి ముక్క దొరికింది, పిజ్జా ముక్క ఆకారంలో. మూడో హెన్రీ రాజు 1247లో తెచ్చిన పెన్నీల వెనుక శిలువ గీతలు అంచు వరకూ సాగుతాయి. చిల్లర కావలసినవారు ఆ గీతల వెంట కత్తిరించి సగం, పావు చేసుకునేవారు. 1279 నుంచి మొదటి ఎడ్వర్డ్ గుండ్రని చిల్లర నాణేలు వేయించాక ఆ అవసరం తగ్గింది. నాకు దొరికినది అటువంటి పావు ముక్క. సంతోషం పట్టలేక బొటనవేలితో రుద్దాను. మట్టిలోని ఇసుక రేణువు ఒకటి రాజుగారి కిరీటం మీదుగా ఈ చివరి నుంచి ఆ చివరికి గీత గీసింది. 750 ఏళ్లు నేలలో భద్రంగా ఉన్నదాన్ని నేను మూడు క్షణాల్లో పాడు చేశాను. రుద్దకండి. నీళ్ల సీసా, చిన్న డబ్బా వెంట ఉంచుకోండి.

మూసీగట్టు

తేమనేల గారు అక్కడి సంగతి వివరంగా చెప్పారు కాబట్టి నేను సంక్రాంతి ప్రయాణం గురించి మాత్రమే రాస్తాను. చిల్లికానీ గారూ, డిటెక్టర్‌ను అక్కడే ఉంచి రండి.

మన ఊళ్లలో పొలంలో యంత్రం పట్టుకుని తిరిగే మనిషిని ఎవరూ చరిత్ర మీద ప్రేమ ఉన్నవాడనుకోరు. లంకెబిందెల కోసం వచ్చాడనుకుంటారు. గుప్తనిధుల పేరుతో గుడి గోపురాలనూ, కోట గోడలనూ పగలగొట్టిన ముఠాలు పట్టుబడిన వార్తలు పేపర్లలో చదువుతూనే ఉంటాము. మీరు మీ సొంత చేలో ఉన్నా, సాయంత్రానికల్లా ఊరంతా మీ గట్టు మీదే ఉంటుంది, ఆ తరువాత పోలీసులు కూడా వస్తారు. ఇది అనుమానం సంగతి. చట్టం సంగతి వేరు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న, పది రూపాయల విలువ దాటిన ఏ వస్తువు దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది వరకూ జైలు శిక్ష ఉంటుంది. ఈ చట్టంలో ఒక విచిత్రం ఉంది: సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ఇంగ్లండు పద్ధతి కంటే కూడా ఉదారమే. అయినా ప్రభుత్వానికి ఆ నిధిని కొనుక్కునే హక్కు ఉంది. ఇక నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని మీరు లెస్టర్‌కు పట్టుకుపోవడం నేరం. మీ నాయనమ్మ గారి ఊరు రక్షిత స్థలం పక్కన ఉంటే పార పెట్టడమే కూడదు.

ఆ సీసపు బిళ్లల గురించి చదివినప్పుడు మాత్రం నా గుండె ఒక్క క్షణం ఆగింది. శాతవాహనులు సీసంతో విస్తారంగా నాణేలు వేశారు. ఏనుగు, సింహం, ఉజ్జయిని గుర్తు, తీరాంధ్రలో తెరచాప ఓడ బొమ్మ కూడా వాటి మీద కనిపిస్తాయి. గుంటూరు ప్రాంతంలో, వినుకొండ వద్ద రోమన్ బంగారు నాణేలు కూడా బయటపడ్డాయి. పిల్లలు గచ్చకాయలుగా ఆడుకున్నవి అవేనేమో చెప్పలేను గాని, ఒక్క బిళ్ల అయినా ఇంట్లో పోపుల పెట్టెలోనో దేవుడి గూటిలోనో మిగిలి ఉంటే, ఫోటో తీసి, ఏ చేలో, ఏ దిక్కున దొరికిందో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. నేలను ముట్టుకోకుండా చేయగలిగిన పని అది.

దొరికిన చోటుకు ఎందుకింత పట్టుదల అంటారా? నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో 1906లో బయటపడిన నిధిలో 13 వేలకు పైగా వెండి నాణేలు ఉన్నాయి, అన్నీ క్షహరాత వంశపు రాజు నహపాణునివి. వాటిలో మూడింట రెండు వంతుల నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తును మళ్లీ కొట్టించాడు. ఓడిన రాజు డబ్బు మీద గెలిచిన రాజు ముద్ర వేసిన సంగతి అంత గట్టిగా తెలియడానికి కారణం ఆ రాశి చెదరకుండా ఒక్కచోట చిక్కడమే. వాటిని ఎవరైనా పది సంతల్లో పది చొప్పున అమ్మేసి ఉంటే మనకు మిగిలేది వెండి తూకమే.

థేమ్స్‌బురద

రెండు చిన్న చేర్పులు. లండన్‌లో థేమ్స్ ఒడ్డున వెతకాలంటే పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పర్మిట్ తప్పనిసరి. ఊరికే వంగి ఏరుకోవడానికి కూడా కావాలి. స్కాట్లండులో అయితే నియమం పూర్తిగా వేరు, పాత వస్తువు ఏది దొరికినా రాజుదే, చెప్పి తీరాలి. సముద్రతీరం సులువని ఎవరైనా చెబితే, తడి ఉప్పు ఇసుకలో చౌక యంత్రాలు ఊరికే అరుస్తూనే ఉంటాయని గుర్తుంచుకోండి.

మూసీగట్టు గారి మాటకు తోడుగా: 2010లో సోమర్సెట్‌లోని ఫ్రోమ్ దగ్గర, ఆసుపత్రిలో వంటపని చేసే ఒకాయనకు కుండ మూతి తగిలింది. ఆయన కొన్ని నాణేలు చూసి తవ్వడం ఆపేశారు, పురావస్తు శాస్త్రజ్ఞులను పిలిచారు. కుండలో 52,503 రోమన్ నాణేలు, బరువు 160 కిలోలు. పొరలు పొరలుగా తీసినందువలన ఒక సంగతి తేలింది: అన్నిటికంటే కొత్తవైన కరౌసియస్ చక్రవర్తి నాణేలలో ఎక్కువ భాగం పైన కాక, కుండ లోపల బాగా కింద ఉన్నాయి. అంటే ఏళ్ల తరబడి కూడబెట్టినది కాదు, ఒకే విడతలో నింపినది. ఆయన ఆ రోజు ఆత్రపడి చేయి లోపల పెట్టి ఉంటే ఇది ఎవరికీ తెలిసేది కాదు.

చిల్లికానీ

అందరికీ కృతజ్ఞతలు. డిటెక్టర్‌ను ఊరికి తీసుకువెళ్లడం లేదు. నాయనమ్మ పెట్టె గురించి బాబాయికి ఫోన్ చేశాను, వెతుకుతానన్నారు.

నాలుగో రైతు ఒప్పుకున్నారు. కడుపుతో ఉన్న గొర్రెలు ఉన్న పొలం వైపు మాత్రం వెళ్లవద్దన్నారు. పోయిన శనివారం ఐదు గంటల్లో రెండు సీసపు తుపాకీ గుండ్లు, నాలుగు గుండీలు, గట్టు వారన జానెడు లోతులో ఒక పెద్ద రాగి బిళ్ల దొరికాయి. రుద్దలేదు. బొమ్మ దాదాపు అరిగిపోయింది గాని, అంచు చుట్టూ వెడల్పైన పట్టీ లేచి ఉంది, అందులో అక్షరాలు పైకి కాక లోపలికి దిగి ఉన్నట్లు వేలికి తెలుస్తున్నాయి. ఇప్పటి రెండు పెన్స్ నాణెం కంటే చాలా పెద్దది. ఏమై ఉంటుంది?

తేమనేల

వంటింటి త్రాసులో తూచండి. 28 గ్రాములకు కొద్దిగా తక్కువ ఉంటే అది 1797 నాటి మూడో జార్జి పెన్నీ. ఆ వెడల్పు అంచు వలన దాన్ని బండి చక్రం అనేవారు. కొత్తలో సరిగ్గా ఒక ఔన్సు తూగేది. మాథ్యూ బోల్టన్ బర్మింగ్‌హామ్ పక్కన సోహోలో ఆవిరి యంత్రాలతో నడిపిన టంకశాలలో ముద్రించినది. మీకు మరొక కారణం చేత కూడా అది నచ్చవచ్చు. అదే టంకశాల అంతకు మూడేళ్ల ముందు, 1794లో, ఈస్టిండియా కంపెనీ కోసం రూపాయికి 48 చొప్పున చెల్లే రాగి నాణేలు వేసింది. అవి ఓడ ఎక్కి వెళ్లింది ఉత్తర సర్కారులకు, అంటే మీ గుంటూరు కూడా ఉన్న ప్రాంతానికి. మనం ఇప్పుడు సొమ్మంతటికీ వాడే డబ్బు అన్న మాట అప్పట్లో ఒక రాగి నాణెం పేరు. మీ నాయనమ్మ చెప్పిన రాగి డబ్బులలో ఒకటి రెండు మీ ఇంటికి గంట దూరంలో పుట్టినవైనా ఆశ్చర్యపోను.

చిల్లికానీ

26 గ్రాములు తూగింది. మ్యాపులో చోటు గుర్తు పెట్టి, ఆ చోటును తెలిపే అంకెలను కవరు మీద రాశాను. బుధవారం లియజాన్ ఆఫీసర్‌కు చూపించడానికి వెళ్తున్నాను.