‘కళ్లకు కట్టినట్టు’, ‘కనికట్టు’: రెండూ ఒకే కట్టేనా?

ప్రశ్న: “కళ్లకు కట్టినట్టు చెప్పాడు” అంటే మెచ్చుకోలు. “కనికట్టు చేశాడు” అంటే మోసం. రెండింటిలోనూ కన్ను, కట్టు ఉన్నాయి. అర్థాలు ఎందుకు ఇంత దూరం జరిగాయి?

జవాబు: మంచి ప్రశ్న అడిగారమ్మా. రెండూ ఒకే కట్టు. కనికట్టులో కట్టుబడేది కన్నే. గారడీవాడు దాన్ని కట్టేస్తాడు, ఎదుట ఉన్నది కనబడదు. ‘కళ్లకు’ అన్నప్పుడు ‘కు’ అనే షష్ఠీ విభక్తి వచ్చి చేరింది. అక్కడ కట్టుబడేది దృశ్యం, కళ్లు దానికి కట్టుకొయ్యలు. ఎప్పటిదో, ఎక్కడిదో అయినా కదలకుండా ఎదుట నిలుస్తుంది.

వ్యాకరణం వరకు ఇంతే. కానీ ఇవి అంత దూరపు చుట్టాలు కావని నాకు మా ఇంట్లోనే తెలిసింది.

2009 అక్టోబరులో కృష్ణకు వచ్చిన వరదను బెజవాడ వాళ్లెవరూ మరచిపోరు. ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తేశారు, 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వెళ్లింది. ఆ రోజు నాన్న చెయ్యి పట్టుకుని సీతానగరం వైపు నిలబడి చూశానని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాను. ఎర్రటి నీళ్లు, చెవులు దిమ్మెక్కే హోరు, నా మణికట్టుకు చల్లగా తగులుతున్న నాన్న గడియారం స్టీలు పట్టీ. పోయిన సంక్రాంతికి మళ్లీ మొదలుపెడితే అక్క ఆపింది. “ఆ వారమంతా నువ్వు గుంటూరులో అమ్మమ్మ ఇంట్లో జ్వరంతో పడుకున్నావురా. వరదను టీవీలో చూశావు. ఆ గడియారం నాన్న రిటైరైనప్పుడు ఇచ్చింది.” తీసి చూశాను. వెనక మూత మీద 2012 అని చెక్కి ఉంది. అది చూశాక కూడా ఆ చల్లదనం నా మణికట్టును వదలలేదు.

మెదడు జ్ఞాపకాన్ని ఫొటోలా దాచదు. తలచుకున్న ప్రతిసారీ ముక్కలు ఏరి మళ్లీ అల్లుతుంది. ఆ అల్లికను మార్చడానికి ఒక్కోసారి ఒక క్రియాపదం చాలు. 1974లో మనస్తత్వశాస్త్ర పరిశోధకులు ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదం ఫిల్ము చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. 50 మందిని ‘ఢీకొన్నప్పుడు’ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటతో, మరో 50 మందిని ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అనే మాటతో. వారం తర్వాత, పగిలిన గాజు చూశారా అన్నారు. ఫిల్ములో గాజు పగలనే లేదు. మొదటి జట్టులో 7 మంది, రెండో జట్టులో 16 మంది చూశామన్నారు!

నా కళ్లకు కట్టిన వరద నా జ్వరాన్ని నాకు కనబడనివ్వలేదు. దాన్ని కనికట్టు అనక ఇంకేమంటాం?

ప్రశ్న: అయితే “కళ్లకు కట్టినట్టు గుర్తుంది” అనకూడదా?

జవాబు: నిక్షేపంగా అనవచ్చు. అందులో ‘అట్టు’ ఉంది చూడండి. కట్టింది అనలేదు, కట్టినట్టు అన్నారు. దృశ్యం ఎంత స్పష్టంగా ఉందో చెప్పే మాట అది, జరిగిందనడానికి సాక్ష్యం కాదు. ఆ పండగనాడు నేను అక్కతో వాదిస్తూ అన్నది “కళ్లారా చూశాను” అని. అందులో ‘అట్టు’ లేదు.